మిల్లు మూతపడ్డాక

ఇలా మంట దగ్గరికి జరగండి. ఆ ఇటుక మీద కూర్చోవచ్చు, దాని హక్కుదారు ఈ వారం నుంచి మధ్యాహ్నం షిఫ్టుకి మారాడు. ఇప్పుడు తెల్లారగట్ల అయిదున్నర. పుష్యమాసపు చలి. డయాలసిస్ సెంటర్ తలుపులు ఆరింటికి గాని తెరవరు. అందాకా మిషనెక్కేవాళ్ళూ, వాళ్ళని తీసుకొచ్చినవాళ్ళూ కలిసి టీ బండి పక్కన ఎండు కొబ్బరిమట్టలూ పాత అట్టపెట్టెలూ వేసి చలి కాగుతుంటాం. వాచ్‌మన్ మొదట్లో కసిరేవాడు. ఇప్పుడు మట్టలు తనే తెస్తున్నాడు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మాది శ్రీకాకుళం జిల్లా. మా అక్క భర్త, బావగారు, నాలుగేళ్ళుగా వారానికి మూడుసార్లు మిషనెక్కుతున్నారు. పాతికేళ్ళ షుగరు ఆయన కిడ్నీలని తినేసింది. తీసుకురావడం, తీసుకెళ్ళడం నా డ్యూటీ. లోపల నాలుగ్గంటలు ఆయన రక్తం శుభ్రమవుతుంటే బయట బెంచీ మీద నాకు లోకజ్ఞానం అబ్బుతుంటుంది. ఇవాళ మీకు చెప్పాలనుకున్నది డి విటమిన్ గొడవ.

దీన్ని ఎత్తుకున్నది బావగారు కాదు. కవిటి వైపు జీడితోటల రైతు ఒకాయన కూతురింట్లో ఉంటూ ఇక్కడ డయాలసిస్ చేయించుకుంటున్నాడు. కొన్ని నెలల కిందట ఓ శుక్రవారం రిపోర్టు పట్టుకుని నా ముందుకొచ్చాడు. "మేస్టారూ, నాను బుద్దెరిగిన కాడ్నించి ఎండలోనే ఉన్నాను గదా. ఎండలో దొరికే ఇటమిన్ను నాకు నేదంటారేటి?" అన్నాడు. కాగితం మీద 11 అని ఉంది, పక్కన కిందికి చూపే బాణం గుర్తు. ముప్ఫై ఉండాలట. అంతే, మంట చుట్టూ ఉన్నవాళ్ళంతా సంచుల్లోంచి తమ తమ కాగితాలు తీశారు. ఒకరికి 9, ఒకరికి 14, బావగారికి 12. క్వార్టర్లీ పేపర్లు పంచిన రోజు మా తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. అందరూ ఫెయిలే.

రైతు అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. అరసవల్లి సూర్యనారాయణమూర్తి కొలువైన జిల్లా మాది. రథసప్తమినాడు తల మీద జిల్లేడాకులూ రేగుపళ్ళూ పెట్టుకుని స్నానం చేస్తాం. ఆరోగ్యం కావాలంటే అడగాల్సింది సూర్యుణ్ణే అని మాకు పాలతోపాటు పట్టారు. అదే జిల్లాలో ఉద్దానం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరీ జీడీ పనసా, చూడ్డానికి కోనసీమకి అక్కలా ఉంటుంది. ఆ పచ్చదనం కిందే ఇల్లిల్లూ కిడ్నీ జబ్బు. షుగరూ లేదు, బీపీ లేదు, పొలం పని చేసుకునే మనిషి ఒకరోజు పరీక్ష చేయించుకుంటే క్రియాటినిన్ కొండెక్కి కూర్చుని ఉంటుంది. ఎందరొచ్చి ఎన్ని నీళ్ళు, ఎంత మట్టి పరీక్షించినా కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రీ పరిశోధన కేంద్రమూ తెరిచారు. ఈ మనుషులకి ఎండ చాలలేదని ఎవరంటారండీ!

బావగారి సంగతి వేరు. ఆయన నీడపట్టున ఆఫీసు ఫైళ్ళు రాసుకున్న మనిషి. 12 అన్న అంకె చూడగానే పౌరుషం వచ్చింది. మర్నాటి నుంచీ, మిషనెక్కని రోజుల్లో, పొద్దున్నే ఆరున్నరకి బనీను మీద డాబా ఎక్కి, పేపరు చదువుతూ గంటసేపు ఎండకాగడం మొదలుపెట్టారు. మా అక్క కిందనుంచి "వడియాలు కూడా పట్టుకెళ్ళండి, ఒక్క ఎండకే ఎండుతాయి" అనేది. రెండు నెలలు నిష్ఠగా చేశారు. మళ్ళీ పరీక్ష చేయిస్తే 11. ఒకటి తగ్గింది!

నాకు నవ్వొచ్చిందిగాని, తప్పు ఆయనది కాదు. పొద్దుటెండ మంచిదని మనందరికీ చెప్పినవాళ్ళదే. చర్మంలో డి తయారు కావాలంటే అతినీలలోహిత కిరణాల్లో బి రకం తగలాలి. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు ఆ కిరణాలు గాలి పొరల్లోనే ఇంకిపోతాయి. తిరుపతిలో పరిశోధకులు దీన్ని చక్కగా తేల్చారు. చర్మంలో ఉండే ముడిసరుకుని గాజు గొట్టాల్లో పోసి గంట గంటకీ ఎండలో పెట్టి చూశారు. పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు దాకా మార్పు బాగా జరిగింది. నా విద్యార్థులకైతే ఒక చిట్కా చెప్పేవాణ్ణి: మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడే డి తయారవుతుంది, పొడుగ్గా ఉంటే ఉత్త వెచ్చదనమే. అద్దాల కిటికీ లోంచి వచ్చే ఎండకి ఆ గుణమూ లేదు, మామూలు గాజు ఆ కిరణాల్ని రానివ్వదు. మా సెంటర్లో కిటికీ పక్క మంచానికి పోటీపడే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయనకి ఈ ముక్క నేనింకా చెప్పలేదు. ఉన్న ఒక్క సంతోషం ఎందుకు పోగొట్టాలి?

సరే, పన్నెండింటికి డాబా ఎక్కితే సరిపోతుందా? అక్కడే ఉంది కిటుకు. మనది వరి తినే దేశం కాబట్టి నేను వడ్ల లెక్కలో చెబుతాను.

చర్మంలో ఎండ తగిలి పుట్టేది వడ్లు. అది ఎలా ఉన్నది అలా తింటే పనికిరాదు. రక్తంలో పడి కాలేయానికి వెళితే అక్కడ దాని మీద ఒక ముద్ర పడుతుంది, గాదెలో నిలవ చేసే సరుకవుతుంది. రెండు మూడు వారాలు ఒంట్లో నిలుస్తుంది. మీ రిపోర్టులో 25 హైడ్రాక్సీ అని కనబడే అంకె ఇదే, గాదె లెక్క. అక్కణ్ణించి మిల్లుకి వెళ్ళాలి. ఆ మిల్లు పేరే కిడ్నీ. అక్కడ పొట్టు ఊడి బియ్యమై బయటికొస్తే కాల్సిట్రయాల్ అంటారు. అసలు పని చేసేది అది. పేగుల్లోంచి కాల్షియాన్ని లాగేదీ, ఎముకల లెక్కలు చూసేదీ అదే. గంటల్లో ఖర్చయిపోతుంది, అందుకే మిల్లు రోజూ ఆడుతూ ఉండాలి. ఈ సంగతి మనిషికి తెలిసి ఎన్నాళ్ళో కాలేదు. 1922లో మెక్‌కాలమ్ దీనికి డి అని పేరు పెట్టాడు, ఏ, బీ, సీ అప్పటికే అయిపోయాయి కనక. 1928లో విండౌస్‌కి నోబెల్ వచ్చింది, అందులో ఈ డి పనికీ వాటా ఉంది. అంత జరిగాక కూడా కిడ్నీకి ఇందులో పనుందని 1970 దాకా తేలలేదు. ఆ ఏడు కేంబ్రిడ్జిలో ఫ్రేజర్, కోడిచెక్ అనే ఇద్దరు, కిడ్నీలు తీసేసిన ఎలుకల్లో ఆ బియ్యం తయారవడం లేదని చూపించారు. అప్పటిదాకా కిడ్నీ అంటే చాలామందికి మూత్రం వడగట్టే జల్లెడే.

ఇప్పుడు జీడిరైతు ప్రశ్నకొద్దాం. ఆయనకి మిల్లు మూతపడింది. గాదె నిండుగా ఉన్నా బియ్యం రావు. పైగా గాదె కూడా నిండుగా లేదు. జబ్బుపడ్డాక ఆయన తోటకి వెళ్ళడం మానేశాడు. వారంలో మూడు పగళ్ళు పైకప్పు కింద, మిగిలిన నాలుగు పగళ్ళు నీరసంతో నులకమంచం మీద. కిడ్నీ జబ్బు ముదిరాక అదే ఎండకి చర్మంలో పండే పంట కూడా తగ్గుతుంది. మూత్రంలో ప్రొటీన్ పోయిన రోజుల్లో, డిని మోసుకు తిరిగే ప్రొటీన్ కూడా దాంతోపాటే పోతుంది. పాలు వద్దు, చేపలు తగ్గించు, పచ్చసొన తియ్యి అని పథ్యం పెడతారు. డి దొరికే తిండి ఏదైనా ఉంటే అవే కదా! అలా 11కి దిగింది. బతుకంతా ఎండలో దాచుకున్నదేదీ ఇప్పుడు పనికిరాదు, ఇది బ్యాంకులో వేసుకునే డిపాజిట్టు కాదు.

బావగారికి డాక్టరు రెండు రాశాడు. ఒకటి వారానికో పొడి ప్యాకెట్టు, 60,000 యూనిట్లు. రెండోది బఠాణీ గింజంత మెత్తటి మాత్ర. రెంటికీ మా ఇంట్లో ఒకటే పేరు, "డి మందు". మా అక్క తెలివిగా, రెండూ ఒకటే అయినప్పుడు రెండెందుకని మాత్ర ఆపేసి ప్యాకెట్టు మాత్రం పోస్తోంది. నాకు తెలిసేసరికి నెల దాటింది. ప్యాకెట్లో ఉన్నది వడ్లు, మాత్రలో ఉన్నది బియ్యం. ఆ ప్యాకెట్టులోని సరుకు బరువు ఒకటిన్నర మిల్లీగ్రాము. మాత్రలోది 0.25 మైక్రోగ్రాము. అంటే ప్యాకెట్టుకి ఆరువేలో వంతు. అంత చిన్నదానికి అంత పని. ఆ బలానికి తగ్గట్టు ప్రమాదమూ ఉంది: ఎక్కువైతే కాల్షియం, పాస్ఫరస్ రెండూ పైకి లేస్తాయి. అందుకే ఆ మాత్ర ఇచ్చినవాళ్ళు కాల్షియం పరీక్ష మాటిమాటికీ చేయిస్తారు. విసుక్కోకండి.

మరి మిల్లు లేనప్పుడు వడ్లెందుకూ అని మీరు అడగాలి. నేనూ అడిగాను. జవాబు మా అమ్మమ్మ పెరట్లో ఉంది. మిల్లులు రాకముందు ఇంటింటా రోలూ రోకలీ ఉండేవి కదా, ఎవరి దంపుడు వాళ్ళు దంపుకునేవాళ్ళు. ఒంట్లో కూడా అంతే. రోగనిరోధక కణాలూ, రక్తనాళాల గోడలూ, మరికొన్నీ తమ మట్టుకు తాము నాలుగు గింజలు దంపుకోగలవు. ఊరికి పంచలేవు, ఇంటికి సరిపెట్టుకుంటాయి. ఆ దంపుడుకి వడ్లుండాలి. ప్యాకెట్టు ఇవ్వడంలో ఉద్దేశం అది. దాంతో ఎంత మేలన్నది వేరే మాట, దానికొస్తాను. ముందు ఈ మంట ఎగదొయ్యండి.

మిల్లు ఆగితే ఊళ్ళో ఏమవుతుందో చెప్పాలి. మెడలో థైరాయిడ్ వెనక నాలుగు గ్రంథులున్నాయి, ఒక్కోటీ బియ్యపుగింజకి కాస్త పెద్దది. పేరు పారాథైరాయిడ్. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడ్డం వాటి ఉద్యోగం. బియ్యం రాకపోతే పేగులు కాల్షియాన్ని లాగవు, రక్తంలో తగ్గుతుంది. గింజలు కంగారుపడి పీటీహెచ్ అనే హార్మోన్ విడుదల చేస్తాయి. అది వెళ్ళి ఎముకల్ని అడుగుతుంది. ఒంట్లో కాల్షియం నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఎముకల్లోనే ఉంది మరి. ఇల్లు గడవక దూలాలు పీకి అమ్ముకునే సంసారం చూశారా, అదన్నమాట. ఆ గింజలు చింతపిక్కలంత అయిపోతాయి. ఎముకలు గుల్లబారతాయి. ఎముకల్లోంచి పోయిన సున్నం పోయిపోయి రక్తనాళాల గోడలకి పడుతుంది. డయాలసిస్ వాళ్ళ ఎక్స్‌రేలో ఒక్కోసారి రక్తనాళాలు కూడా ఎముకల్లాగే తెల్లగా కనబడడం అందుకే. గుండెకి అసలు చేటు అక్కడుంది. అలాగని పీటీహెచ్‌ని మామూలు మనిషి అంకెకి దించరు. మామూలు గరిష్ఠానికి రెండు నుంచి తొమ్మిది రెట్ల మధ్య ఉండనిస్తారు. మరీ అణిచేస్తే ఎముక బొత్తిగా పని మానేసి నిద్రపోతుంది.

ఈ కథలో ప్రతినాయకుడు పాస్ఫరస్. దాని ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు మన భీమవరం గుర్తొస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఉండగా, 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో పాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. నీలం రంగు ఎంత ముదిరితే పాస్ఫరస్ అంత ఉన్నట్టు. దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ల్యాబుల్లో ఫిస్కే–సుబ్బారావు పద్ధతే నడిచింది. ఇప్పుడు మెషిన్లు మారాయనుకోండి. డయాలసిస్ అయ్యాక బావగారు వేసుకునే పసుపుపచ్చ ఫోలిక్ యాసిడ్ మాత్ర ఉందే, అది కూడా 1940లలో లెడర్లీ కంపెనీలో సుబ్బారావు బృందం తయారుచేసిందే. నీళ్ళలో కరిగే విటమిన్లు డయాలసిస్‌లో నీళ్ళతో పోతాయి, అందుకని ఆ మాత్ర. ఇంటిదగ్గర లేని గౌరవం ఆయనకి మా సెంటర్లోనైనా ఉండాలని గోడ మీద ఒక ఫొటో పెట్టమని అడిగాను. సెలైన్ స్టాండ్లకే చోటు లేదన్నారు.

మిషన్ పాస్ఫరస్‌ని తీసేస్తుంది కదా అంటారేమో. తీస్తుంది, చాలదు. లోపల ఒక్కో పేషెంటుకి నాలుగ్గంటల్లో 120 లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయి. యూరియా, పొటాషియం చురుగ్గా దిగుతాయి. పాస్ఫరస్ మాత్రం కణాల్లోనూ ఎముకల్లోనూ దాక్కుని బద్ధకంగా బయటికొస్తుంది. ఒకసారికి ఇంచుమించు 800 నుంచి 1000 మిల్లీగ్రాములు తీయగలిగితే, వారంలో తిన్నది మూడుసార్లూ కలిపి తీసినదానికంటే ఎక్కువే ఒంటికి పట్టి ఉంటుంది. అందుకే అన్నంతో పాస్ఫరస్ మాత్ర. అన్నం తర్వాత కాదు, గంట ముందూ కాదు, ముద్దలతోపాటు. ఆ మాత్ర కడుపులో తిండిలోని పాస్ఫరస్‌ని పట్టుకుని బయటికి తీసుకుపోవాలి. తిండి లేనప్పుడు వేసుకుంటే అది ఎవరికోసం కాపలా కాస్తుంది? రాత్రిళ్ళు ఒళ్ళంతా దురదలని గోకి గోకి చర్మం రేగ్గొట్టుకునేవాళ్ళని చూశాను, వాళ్ళలో చాలామంది ఈ మాత్రని పడుకోబోయే ముందు వేసుకునేవాళ్ళే.

తిండి దగ్గర మనవాళ్ళు చేసే పొరపాటు ఇంకొకటుంది, నాకు ఒళ్ళు మండేది. డయాలసిస్ మొదలవక ముందు పప్పులు, మాంసం తగ్గించమంటారు. అప్పటికది సబబే. మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది, ప్రొటీన్ బాగా తినాలి. కిలో బరువుకి రోజుకి ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా. ఇళ్ళల్లో మాత్రం పాత పథ్యమే నడుస్తుంది, మనిషి చిక్కి సగమవుతాడు. పప్పులో పాస్ఫరస్ ఉంది నిజమే, కాని గింజల్లో అది ఫైటేట్ రూపంలో ఉంటుంది. దాన్ని విడగొట్టే సరంజామా మన పేగుల్లో లేదు, సగం అలాగే బయటికి పోతుంది. కూల్‌డ్రింకుల్లో, ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేట్ అలా కాదు, దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది. పప్పన్నానికి భయపడి నల్ల కూల్‌డ్రింకు తాగే మహానుభావుణ్ణి ఈ మంట దగ్గరే చూశాను. తెల్లసొన అన్నిటికంటే మేలు, ప్రొటీన్ ఎక్కువ, పాస్ఫరస్ తక్కువ. శాకాహారి అయిన మా బావగారికి ఆ మాట చెప్పడానికి నాకు ఆర్నెల్లు పట్టింది, ఆయన తినడానికి మరో ఆర్నెల్లు. ఇప్పుడు దాన్ని "మందు" అంటారు, గుడ్డు అనరు.

ఇక షుగరు. బావగారు మిషనెక్కిన మొదటి ఏడు ఒక వింత జరిగింది. పాతికేళ్ళుగా లొంగని షుగరు దానంతటదే దిగొచ్చింది. ఇన్సులిన్ సగానికి సగం తగ్గించారు. "కిడ్నీ పోతే పోయింది, షుగరు కూడా పోయిందిరా" అని అందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నారు. మూడునెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఆరు దగ్గరికొచ్చింది. స్వీటు తెప్పించబోతే నేనే ఆపాను. సంగతేంటంటే, వాడిన ఇన్సులిన్‌ని ఒంట్లోంచి తీసేసే పనిలో కిడ్నీది పెద్ద చెయ్యి. కిడ్నీ లేకపోతే వేసుకున్న ఇన్సులిన్ ఎక్కువసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆకలి లేక తిండీ తగ్గింది. షుగరు దిగింది గాని జబ్బు దిగలేదు. ఇక ఆ సగటు పరీక్ష ఎర్రకణాల మీద పేరుకున్న చక్కెరని చూస్తుంది. డయాలసిస్ మనిషి ఎర్రకణాలు తొందరగా చచ్చిపోతాయి, రక్తం పెరగడానికిచ్చే ఇంజక్షన్లతో కొత్తవి పుడుతుంటాయి. చక్కెర పేరుకునేంత వయసు వాటికెక్కడిది? అంకె తక్కువే చూపిస్తుంది. ఓ రాత్రి చెమటలు పట్టి బావగారు మాట తడబడితే చక్కెర నీళ్ళు పట్టించి కూర్చోబెట్టాం. మీటరులో 48 చూపించింది. స్వీటు సంగతి ఆ రాత్రితో మరిచిపోయారు.

అయితే కండరాల్లో మాత్రం ఇన్సులిన్ మాట చెల్లదు. కిడ్నీ చెడిన ఒంట్లో మలినాలూ, ఆమ్లమూ, సన్నగా రగిలే వాపూ కలిసి ఇన్సులిన్‌ని లెక్కచెయ్యనివ్వవు. ఇక్కడే మళ్ళీ మన డి వచ్చింది. డి తక్కువున్నవాళ్ళలో ఇన్సులిన్ మొరాయింపు ఎక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, గుండెజబ్బు ఎక్కువ అని చాలా పరిశీలనల్లో కనిపించింది. 1990ల మొదట్లో డయాలసిస్ పేషెంట్లు కొద్దిమందికి కాల్సిట్రయాల్‌ని నరానికెక్కిస్తే చక్కెర వాడకం మెరుగైంది కూడా. దాంతో ఆశలు మొలిచాయి. డి నింపితే షుగరు, గుండె, అన్నీ బాగుపడతాయని.

నాకు కాకతాళీయం కథ గుర్తొస్తుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి బరువుకే పడిందని చూసినవాడు అనుకున్నాడు. పండు అప్పటికే ముగ్గిపోయి ఉంది. డి ఎవరికి తక్కువగా ఉంటుంది? ఇంట్లోంచి కదలలేనివాళ్ళకి, తిండి సయించనివాళ్ళకి, కొవ్వు పేరుకున్నవాళ్ళకి, ఒంట్లో వాపు రగులుతున్నవాళ్ళకి. గుండెజబ్బు ఎవరికొస్తుంది? వాళ్ళకే. మరి డి తక్కువై వాళ్ళు అలా అయ్యారా, అలా అయ్యారు కాబట్టి డి తగ్గిందా? దీన్ని తేల్చడానికి ఒకటే దారి, సగం మందికి మందిచ్చి, సగం మందికి ఇవ్వకుండా చూడడం. జపాన్‌లో అదే చేశారు. పీటీహెచ్ పెద్దగా పెరగని 976 మంది డయాలసిస్ పేషెంట్లు. సగం మందికి బియ్యంలాంటి డి మాత్ర రోజూ ఇచ్చి నాలుగేళ్ళు చూశారు. ఫలితం 2018లో వచ్చింది. గుండె దెబ్బలు తగ్గలేదు. కిడ్నీలు బాగున్నవాళ్ళ మీద అమెరికాలో ఇంకొకటి చేశారు. షుగరు అంచున ఉన్న 2,423 మంది, రోజుకి 4000 యూనిట్లు. 2019లో చెప్పిన మాట ఏమిటంటే, షుగరు రాకుండా ఆపిందని గట్టిగా అనడానికి వీల్లేదని.

కాబట్టి నా మటుకు నాకు తేలింది ఇదీ. పీటీహెచ్ కోసం, ఎముకల కోసం డాక్టరు రాసిన డి వేసుకోవాల్సిందే, బియ్యమైనా వడ్లైనా. షుగరు తగ్గుతుందనో గుండె గట్టిపడుతుందనో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. నా మాట నచ్చక మొహం ముడుచుకున్నవాళ్ళు ఈ మంట దగ్గరే ఇద్దరున్నారు. ఒకాయన యూట్యూబ్ చూసి వచ్చాడు.

అసలు డయాలసిస్ ఊళ్ళో లోకపు లెక్కలు సగం తలకిందులే. బయట లావు తగ్గమంటారు. ఇక్కడ కాస్త ఒళ్ళున్నవాళ్ళే ఎక్కువకాలం బతుకుతున్నారని లెక్కలు చెబుతాయి. బయట కొలెస్ట్రాల్ తగ్గితే సంబరం. ఇక్కడ మరీ తక్కువుంటే తిండి లేక ఎండిపోతున్నాడేమోనని అనుమానం. షుగరున్న డయాలసిస్ పేషెంట్లకి కొత్తగా కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టి జర్మనీలో చూస్తే, 2005లో, చెప్పుకోదగ్గ లాభం తేలలేదు. పొట్టలోకి సంచీలతో ద్రవం పోసుకుని ఇంట్లోనే డయాలసిస్ చేసుకునే మా వీధి టీచరమ్మ సంగతి ఇంకో తీరు. ఆ ద్రవంలో ఉండేదే గ్లూకోజు. నీళ్ళని లాగడానికి అది కావాలి, కాని అందులో కొంత ఒంట్లోకి ఇంకుతుంది. ఆమె పాయసం మానేసి ఏడేళ్ళయింది, రోజూ వంద గ్రాములకి పైనే చక్కెర పొట్టలోంచి ఎక్కుతోంది. బయటికి పారబోసే ద్రవంతోపాటు డిని మోసే ప్రొటీనూ పోతుంది. ఆమె రిపోర్టు 7.

మాటల్లో పడి అసలు ముక్క మరిచాను. ఆ జీడిరైతు డి ప్యాకెట్టు నాలుగు వారాలుగా వాడుతున్నాడు. ఎలా వేసుకుంటున్నావని మాటవరసకి అడిగాను. పక్కనున్న వాళ్ళావిడ చెప్పింది: "ప్యాకెట్టు మీద పాలల్లో కలపమని ఉందంట బాబూ. ఈయనకి పాలొద్దన్నారు గదా! అందుకని మా చెట్టు కొబ్బరినీళ్ళలో కలిపి ఇస్తన్నాను." మంట చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దం. డయాలసిస్ మనిషికి కొబ్బరినీళ్ళంటే పొటాషియం, పొటాషియమంటే నిలబడ్డపళంగా గుండె ఆగడం. ఈ ముక్క ఇక్కడ కొత్తగా వచ్చినవాడికి కూడా తెలుసు. కొబ్బరితోట మధ్య పుట్టి పెరిగిన ఆవిడకి మాత్రం కొబ్బరినీళ్ళలో చెడు ఉంటుందని ఎలా తోస్తుంది? వారానికొకసారే కాబట్టి, మర్నాడే డయాలసిస్ పడింది కాబట్టి గట్టెక్కాడు. ఆ నాలుగు గుక్కల పాలతో వచ్చే పాస్ఫరస్ ఎంతని, పైగా నీళ్ళతోనైనా వేసుకోవచ్చు కదా అని మెల్లగా చెప్పాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం "పోన్లెండి, ఆ వొంకనైనా మా సెట్టు నీళ్ళు నాలుగుసార్లు తాగాను" అన్నాడు.

అదిగో, తలుపులు తీశారు. మొదటి షిఫ్టు వాళ్ళని బరువు చూసుకోమంటున్నారు. బావగారు శాలువా నాకిచ్చి, లేస్తూ లేస్తూ చెవిలో అడిగారు.

"భోగినాడు మీ అక్క పరమాన్నం చేస్తుంది కదరా."

"చేస్తుంది బావగారూ."

"ఎంత తినొచ్చు?"

"చిన్న గిన్నెడు. అన్నంతోపాటే తినాలి. షుగరు ముందే చూసుకోవాలి."

ఆయన చొక్కా జేబు తడిమి చూపించారు. పాస్ఫరస్ మాత్రల రేకు ఉంది, అందులో రెండు ఖాళీలు.

"పొద్దున ఇడ్లీకి వేసుకున్నవి" అన్నారు. పొద్దున ఇంకా ఎక్కడయిందండీ, ఆరే కదా. అవి నిన్న రాత్రి టీవీ ముందు వేయించిన జీడిపప్పు కోసం వేసుకున్నవని నాకు తెలుసు. ఆ పప్పు తెచ్చిచ్చింది జీడిరైతు.